ఏ వైనరీ అన్నది రెండో ప్రశ్న

నాపా లోయలో ఒక్కరోజు గడపడానికి వెళ్ళేవారికి ‘తప్పక చూడవలసిన అయిదు వైనరీలు’ అంటూ జాబితాలు ఇచ్చేవారికి కొదవ లేదు. ఆ అయిదింటిలో ఏది ముందు, ఏది వెనుక, ఏది వదిలివేస్తే తరువాత విచారించవలసి వస్తుంది అన్న చర్చతోనే ప్రయాణానికి ముందటి వారం గడిచిపోతుంది. ఏ వైనరీకి వెళ్ళాలి అన్నది రెండో ప్రశ్న మాత్రమేననీ, ఎన్ని వైనరీలకు వెళ్ళాలి అన్నదే మొదటి ప్రశ్న అనీ ఈ వ్యాసంలో నా వాదం. నా జవాబు కూడా ముందే చెబుతున్నాను: రెండు. మూడోది వద్దు. కారు నడిపే వ్యక్తికి ఒక్క గుక్క కూడా వద్దు.

కాలిఫోర్నియా ద్రాక్షతోటల గురించి తెలుగు పాఠకులకు ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని ఫ్రీమాంట్, శాన్ హోసే, సన్నీవేల్, డబ్లిన్ వంటి ఊళ్ళలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఫ్రీమాంట్ నుంచి నాపా పట్టణానికి దూరం దాదాపు 60 మైళ్ళు. ఇండియా నుంచి తల్లిదండ్రులో, అత్తమామలో, స్నేహితులో వచ్చినప్పుడు గోల్డెన్ గేట్ వంతెన, యోసెమిటీ తరువాత నాపా ప్రయాణం ఒక ఆనవాయితీగా మారింది. నా ఎరుకలోని కుటుంబాలవారు తమ ప్రయాణ పట్టికలు పంపి ‘మందులు వేసుకునే నాన్నగారు రావచ్చునా’ అని అడుగుతుంటారు. పట్టికలు చూసినప్పుడల్లా నాకు కనిపించేది ఒకటే. ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు నాలుగు వైనరీలు, మధ్యలో హడావుడిగా ఒక భోజనం, చివర ఇంటికి కారు ప్రయాణం. కారు నడిపేది ఎవరో ఏ పట్టికలోనూ ఉండదు.

మద్యం ముట్టనివారిని ముట్టమనడానికో, ముట్టేవారిని నిందించడానికో ఈ వ్యాసం రాయడం లేదు. వెళ్ళదలచినవారు వెళ్ళండి. లెక్క తెలుసుకుని వెళ్ళండి అన్నదే నా మనవి.

రుచి చూడడం వెనుక లెక్క

‘తాగడానికి కాదండీ, రుచి చూడడానికి’ అనే మాట ఈ విహారాలకు ఊతపదం. ఆ రుచి ఎంతో కొలిచి చూద్దాం. ఒక వైనరీలో సాధారణంగా నాలుగు నుంచి ఆరు రకాలు పోస్తారు. ఒక్కొక్కటి 30 నుంచి 60 మిల్లీలీటర్ల వరకు ఉంటుంది. మధ్యస్థంగా అయిదు రకాలు, ఒక్కొక్కటి 45 మిల్లీలీటర్లు అనుకుంటే మొత్తం 225 మిల్లీలీటర్లు. నాపా ఎర్ర వైన్లలో ఆల్కహాలు 14 శాతానికి పైగా ఉండడం మామూలే. పద్నాలుగున్నర శాతం చొప్పున లెక్కిస్తే, ఒక్క వైనరీలో శరీరంలోకి చేరే శుద్ధ ఆల్కహాలు బరువులో దాదాపు 26 గ్రాములు. అమెరికాలో ‘ఒక డ్రింకు’ అనే ప్రమాణం 14 గ్రాములు. అంటే ఒక్క ‘రుచి’ ఇంచుమించు రెండు డ్రింకులకు సమానం.

నాలుగు వైనరీలకు వెళితే 900 మిల్లీలీటర్లు. వైన్ సీసాలో ఉండేది 750 మిల్లీలీటర్లే. రుచి చూడడానికి వెళ్ళిన మనిషి ఒక సీసా ఖాళీ చేసి రెండో సీసా మొదలుపెట్టినట్టే. ఆల్కహాలు 100 గ్రాములు దాటింది, డ్రింకులు ఏడు దాటాయి. ఎవరినైనా కూర్చోబెట్టి ‘ఈరోజు నువ్వు ఒక సీసాకు పైగా వైన్ తాగు’ అంటే భయపడతాడు. అదే వైన్‌ను ఇరవై చిన్న గ్లాసుల్లో, నాలుగు అందమైన భవనాల్లో పోస్తే భయం పోతుంది. చిన్న గ్లాసు చేసే మాయ అది. కాలేయానికి మాత్రం గ్లాసు పరిమాణంతో పని లేదు.

మన కాలేయం గంటకు సుమారుగా ఒక డ్రింకును మాత్రమే విచ్ఛిన్నం చేయగలదు. కాఫీ తాగినా, చన్నీళ్ళతో ముఖం కడుక్కున్నా, కారు కిటికీ తెరిచి గాలి పీల్చినా ఆ వేగం పెరగదు. భోజనం చేస్తే ఆల్కహాలు రక్తంలోకి చేరడం నెమ్మదిస్తుంది, అంతే. కాబట్టి ఆరు గంటల్లో ఏడు డ్రింకులకు పైగా తీసుకున్న 70 కిలోల పురుషుడి రక్తంలో, సాయంత్రం బయలుదేరే వేళకు కూడా, కాలిఫోర్నియా చట్టపు పరిమితిని మించి ఆల్కహాలు ఉండే అవకాశమే ఎక్కువ. ఆ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు. స్త్రీల శరీరంలో నీటి పాలు తక్కువ కనుక అదే మోతాదుకు వారి రక్తంలో ఆల్కహాలు మరింత పెరుగుతుంది.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం విధించిన పరిమితి ఇంకా కఠినం, 30 మిల్లీగ్రాములే. రెండు వైనరీలతో ఆగినవాడు సైతం ఆ కొలత ప్రకారం తప్పతాగి నడిపినవాడి కిందే లెక్క కావచ్చు. ‘అమెరికాలో అంతవరకు అనుమతి ఉంది’ అని సర్దిచెప్పుకునేవారు ఉన్నారు. చట్టపు గీత అటూ ఇటూ జరగవచ్చు. ఎదుటి వాహనాన్ని చూసి బ్రేకుపై కాలు వేసేందుకు మెదడుకు పట్టే వ్యవధి మాత్రం దేశాన్నిబట్టి మారదు. ఆ గీతకు దిగువన కూడా ఆ వ్యవధి పెరుగుతుంది. అందుకే నడిపేవారికి రెండు గ్లాసులు కాదు, సున్నా అంటున్నాను.

లోయ భౌగోళికం కూడా ఈ విషయంలో మనకు అనుకూలం కాదు. నాపా లోయ పొడవు దాదాపు 30 మైళ్ళు, వెడల్పు అయిదు మైళ్ళకు మించదు. ఇంత చిన్న ప్రదేశంలో 400కు పైగా వైనరీలు ఉన్నాయి. లోయ పొడవునా సాగే ప్రధాన రహదారులు రెండే: పడమట 29వ నంబరు రోడ్డు, తూర్పున సిల్వరాడో ట్రెయిల్. యౌంట్‌విల్ దాటి ఉత్తరానికి వెళితే 29వ నంబరు రోడ్డు కూడా ఎదురెదురు వాహనాలు నడిచే మామూలు రెండు వరుసల దారి అవుతుంది. వారాంతంలో అది కిక్కిరిసి ఉంటుంది. పైగా అక్కడి వైనరీలలో అధిక భాగం ముందుగా సమయం తీసుకున్నవారినే లోనికి రానిస్తాయి. 1990 నుంచి నాపా కౌంటీలో కొత్త వైనరీలకు ఆ నిబంధన ఉంది. నాలుగు చోట్ల నాలుగు సమయాలు తీసుకున్నవాడు ఒకచోట పదిహేను నిమిషాలు ఆలస్యమైతే తరువాతి చోటికి కారును పరుగెత్తిస్తాడు. మత్తు, తొందర, ఇరుకు రోడ్డు మూడూ ఒకేచోట కలిసే పట్టికను మన చేతులతో మనమే రాసుకుంటున్నాం.

‘గుండెకు మంచిది’ అనే మాట

ఈ సందర్భంలో చదువుకున్నవారి నోట తరచుగా వినిపించే వాదన ఎర్ర వైన్ గుండెకు మేలు చేస్తుందన్నది. దీనికి ఒక చరిత్ర ఉంది. 1991 నవంబరులో అమెరికాలోని ‘సిక్స్టీ మినిట్స్’ టెలివిజన్ కార్యక్రమం, కొవ్వు పదార్థాలు బాగా తినే ఫ్రెంచివారికి గుండెపోటు ఎందుకు తక్కువ అన్న ప్రశ్న వేసి, ఎర్ర వైన్ వైపు వేలు చూపింది. ఆ తరువాత అమెరికాలో ఎర్ర వైన్ అమ్మకాలు ఎగబాకాయి. అప్పటి నుంచి వైన్‌కు మందు హోదా వచ్చింది.

ఆనాటి పరిశీలనల్లోని లోపాలు తరువాత బయటపడ్డాయి. మితంగా తాగేవారిని ‘అసలు తాగనివారి’తో పోల్చినప్పుడు, జబ్బు చేసి తాగుడు మానినవారిని కూడా తాగనివారి జాబితాలోనే చేర్చారు. సహజంగానే ఆ జాబితా ఆరోగ్యం తక్కువగా కనిపించింది. మితంగా వైన్ తాగేవారిలో చాలామందికి మంచి ఆదాయం, మంచి తిండి, నడక అలవాటు కూడా ఉంటాయి. ఆ పుణ్యమంతా వైన్ ఖాతాలో పడింది. ఇక రెస్వెరట్రాల్ అనే పదార్థం మాట. అది ఎర్ర వైన్‌లో ఉన్న మాట నిజమే. లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. పరిశోధనల్లో రోజుకు వందల మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. అంత మోతాదు వైన్ ద్వారా రావాలంటే గుండె సంగతి తేలేలోపు కాలేయం సంగతి తేలిపోతుంది.

మరోవైపు నిలిచిన సాక్ష్యం ఏమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్య పానీయాలను 1988లోనే మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీల రొమ్ము క్యాన్సర్లకు మద్యంతో సంబంధం రుజువైంది. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. 2025 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ కూడా మద్యానికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధంపై హెచ్చరిక విడుదల చేశారు.

ఒక్కరోజు రెండు గ్లాసులు పుచ్చుకుంటే క్యాన్సర్ వస్తుందని నేను అనను. ఆ ప్రమాదం ఏళ్ళ తరబడి పేరుకునేది. భయపెట్టడం వైద్యుడి పని కాదు. అయితే సరదాను సరదాగానే ఒప్పుకోవాలి. దానికి ఔషధం అని పేరు పెట్టి అరవై ఏళ్ళు దాటిన తండ్రి చేతికి గ్లాసు అందించడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

వెనుక సీటులో నిద్రపోయిన పెద్దాయన

ఇక అసలు ఆందోళన. మన ప్రాంతం నుంచి పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులలో మధుమేహం, రక్తపోటు లేనివారిని వెతుక్కోవాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు వైన్ తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చక్కెర తగ్గినప్పుడు కొత్తగా గ్లూకోజు తయారుచేసి సరిదిద్దే బాధ్యత కాలేయానిది. ఆ సమయంలో కాలేయం ఆల్కహాలును వదిలించుకునే పనిలో ఉంటుంది. ఫలితం వెంటనే కనిపించకపోవచ్చు. కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి రాత్రి నిద్రలో, చక్కెర పడిపోతుంది. సమయానికి భోజనం కుదరని విహారంలో ఈ ముప్పు రెట్టింపు.

ఇందులో అతి ప్రమాదకరమైన విషయం ఏమిటంటే, చక్కెర పడిపోయిన మనిషి అచ్చం మత్తెక్కిన మనిషిలాగే ఉంటాడు. మాట తడబడుతుంది, చెమట పడుతుంది, అడుగు తూలుతుంది, అకారణంగా చిరాకు పడతాడు, తరువాత మగతలోకి జారుకుంటాడు. నోటి నుంచి వైన్ వాసన వస్తుంటే చుట్టూ ఉన్నవారు ‘నాన్నకు అలవాటు లేదు కదా, కొంచెం ఎక్కింది’ అని నవ్వుకుని, వెనుక సీటులో పడుకోబెట్టి, ఇంటికి రెండు గంటలు ప్రయాణిస్తారు. ఆ రెండు గంటలే ప్రాణాంతకం కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేసిన ఏ వైద్యుడైనా, తాగి పడిపోయాడని తీసుకొచ్చిన రోగికి మొదట చక్కెర పరీక్ష చేయించేది ఇందుకే. మధుమేహం ఉన్న పెద్దవారు అలా తూలితే ముందు గ్లూకోమీటరుతో పరీక్షించండి. స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్ళో, పండ్లరసమో ఇవ్వండి. మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయక వెంటనే 911కు ఫోన్ చేయండి.

మెట్‌ఫార్మిన్ వాడేవారు ఒకేసారి ఎక్కువ మద్యం తీసుకుంటే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే అపాయం ఉంది. రక్తపోటు మాత్రలు వేసుకున్నవారు మద్యం తీసుకుని, వేసవి మధ్యాహ్నపు ఎండలో తోటల మధ్య తిరిగి, కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్ళు బైర్లు కమ్మి పడిపోవచ్చు. కాలిస్టోగా వైపు వేసవిలో 35 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. ఇండియాకూ కాలిఫోర్నియాకూ వేసవిలో పన్నెండున్నర గంటల కాలభేదం. దాని మూలంగా నిద్రపట్టక రాత్రి నిద్రమాత్ర వేసుకున్నవారు మరుసటి పగలు మద్యం జోలికి పోరాదు. మెట్రొనిడజాల్ వాడుతున్నవారు అసలే తాగకూడదు. సందర్శకుల బీమా పాలసీలలో మద్యం ప్రభావంలో జరిగిన ప్రమాదాలకు పరిహారం ఇవ్వబోమనే నిబంధన చాలావాటిలో ఉంటుంది. అమెరికాలో ఆసుపత్రి బిల్లు ఎంతవుతుందో ఈ పాఠకులకు నేను చెప్పనవసరం లేదు.

మరో మాట. బృందంలో తాగని మనిషి ఉంటే ఆ మనిషిని ఆ రోజు ఎవరూ ప్రశాంతంగా ఉండనివ్వరు. ‘ఒక్క గుక్కే కదా’, ‘ఇంతదూరం వచ్చి రుచి కూడా చూడకపోతే ఎలా’, ‘డబ్బు కట్టేశాం కదా’. చాలా వైనరీలలో మనిషికి 40, 50 డాలర్లు, పేరున్నచోట 100 డాలర్లు దాటి రుసుము ఉంటుంది. ఆ డబ్బు వృథా కాకూడదన్న ఆలోచనే చాలామంది చేత తాగిస్తోంది. కట్టిన డబ్బు ఎటూ తిరిగి రాదు. దానికి తోడు ఆరోగ్యాన్ని కూడా కట్టనవసరం లేదు.

ఆక్షేపణలకు జవాబు

‘డ్రైవరును మాట్లాడుకుంటే నాలుగూ చూడవచ్చు కదా’ అని ఒక ఆక్షేపణ. డ్రైవరు వల్ల రోడ్డు సమస్య తీరుతుంది, నిజమే. రక్తంలో చక్కెర సమస్య, రక్తపోటు సమస్య తీరవు. పైగా మూడో వైనరీకి వెళ్ళేసరికి నాలుక మొద్దుబారి ఉంటుంది. వంద డాలర్లు కట్టి పోయించుకున్న వైన్‌కూ, కిరాణా దుకాణంలో దొరికే పది డాలర్ల వైన్‌కూ తేడా తెలియని స్థితి అది. వృత్తిరీత్యా వైన్ రుచి చూసే నిపుణులు మింగరు. నోటిలో తిప్పి ఉమ్మివేస్తారు. అందుకోసం ప్రతి వైనరీలోనూ ఒక పాత్ర ఉంటుంది. నిపుణులు ఉమ్మివేసేదాన్ని మర్యాద కోసం మనం మింగుతున్నాం.

‘వైన్ ఒక సంస్కృతి, దాన్ని మద్యపానంగా చూడడం మొరటుతనం’ అని మరో ఆక్షేపణ. సంస్కృతి ఉన్న మాట నేనూ అంగీకరిస్తాను. 1976 మే 24న పారిస్‌లో పేర్లు కనబడకుండా జరిపిన పోటీలో, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే నాపా వైన్లకు ప్రథమ స్థానం ఇచ్చారు. తెల్ల వైన్లలో షాటో మోంటెలీనా, ఎర్ర వైన్లలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ గెలిచాయి. అంతకు ముందే, 1968లో, నాపా కౌంటీ తన వ్యవసాయ భూమి ఇళ్ళస్థలాల కింద పోకుండా రక్షణ కల్పించింది. అమెరికాలో అటువంటి ఏర్పాటు అదే మొదటిది. పొలాలు వెంచర్లుగా మారడం కళ్ళారా చూస్తున్న మనకు ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికైనా ఆ లోయ చూడదగినదే. అయితే ఆ సంస్కృతి మట్టిలో, తీగలో, సొరంగాల్లో, చరిత్రలో ఉంది. ఏడో గ్లాసులో లేదు.

ఎలా ఎంచుకోవాలి

కాబట్టి రెండో ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. వైన్ పోయడం తప్ప మరేమీ చూపించని చోటును మొదటే కొట్టివేయండి. కాలిస్టోగాకు దక్షిణాన ఉన్న ష్రామ్స్‌బర్గ్ 1862లో ఏర్పడింది. అక్కడి కొండను తొలిచిన సొరంగాలు పంతొమ్మిదో శతాబ్దంలో చైనా కూలీలు తవ్వినవి. 1972లో నిక్సన్ చైనా పర్యటనలో, బీజింగ్ విందులో పోసిన వైన్ ఆ వైనరీదే. దానికి చేరువలోనే కాస్టెల్లో డి అమొరోసా ఉంది. మధ్యయుగపు ఇటలీ కోటను పోలిన ఆ కట్టడాన్ని 2007లో సందర్శకులకు తెరిచారు. సెయింట్ హెలీనాలోని బెరింజర్ 1876 నాటిది. అమెరికాలో మద్యనిషేధం అమలైన 1920–33 మధ్య చర్చిలకు వైన్ తయారుచేస్తూ నిలదొక్కుకుంది. రథర్‌ఫర్డ్‌లోని ఇంగిల్‌నుక్ 1879 నాటిది. ఇవన్నీ 29వ నంబరు రోడ్డు వెంబడే ఉన్నాయి.

ఉదయం కాలిస్టోగా వైపు ఒకటి, సెయింట్ హెలీనాలో తీరికగా కూర్చుని భోజనం, తిరుగు దారిలో మధ్యాహ్నం ఒకటి. రోజుకు ఇది చాలు. సమయం తీసుకునేటప్పుడే నాలుగు విషయాలు అడగండి: తోట, సొరంగాలు తిప్పి చూపిస్తారా? తాగనివారికి రుసుము ఎంత? పిల్లలను రానిస్తారా? ఇద్దరు ఒకే గ్లాసు పంచుకోవచ్చునా? వీటికి మర్యాదగా జవాబు చెప్పని చోట మీకు పని లేదు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు కోతల కాలం, చూడడానికి అదే మంచి అదను. ద్రాక్షరసం పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక, తొట్లున్న గదుల్లోకి ఒంటరిగా వెళ్ళకండి. కొన్న సీసాను కారులో తెరవకండి. మూత తీసిన సీసా ప్రయాణికుల మధ్య ఉండడం అక్కడ నేరం, దాని స్థానం డిక్కీలోనే. రెండు గ్లాసుల తరువాత చేతికిచ్చే వైన్ క్లబ్బు సభ్యత్వ పత్రంపై ఆ రోజు సంతకం చేయకండి. మందులు వాడుతున్న పెద్దలు రుచి చూడవచ్చునా లేదా అన్నది బయలుదేరడానికి ముందే తమ వైద్యుని అడిగి తేల్చుకోవాలి. గ్లాసు చేతికి వచ్చాక తేల్చుకునే విషయం కాదది.

ఇకపై ఎవరైనా అయిదు వైనరీల జాబితా పంపితే, కలం తీసుకుని ముందుగా మూడు పేర్లు కొట్టివేయండి. తరువాత పట్టిక పై వరుసలో, వైనరీల పేర్ల కంటే ముందు, ఆ రోజు కారు నడిపే మనిషి పేరు రాయండి. ఆ పేరు రాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే డ్రైవరును మాట్లాడుకోండి. అదీ కుదరకపోతే ఆ వారం నాపా వద్దు, మరోచోటికి వెళ్ళండి.